దొడ్డమ్మ నడుం మీద సర్పి

దొడ్డమ్మకి సర్పి లేచిందని మొదట నా చెవిన వేసింది మా ఇంటికి పాలు పోసే ఆవిడ. పొద్దున్నే వీధి గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడితే, పాలు పోయడం ఆపి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"చిన్నమ్మగారండీ, తవరు ఏవీ అనుకోనంటే ఓ మాటండి. నిన్న దొడ్డమ్మగారు నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటుంటే చూసేనండి. వెన్ను దగ్గర్నుంచి పొట్ట దాకా ఎర్రటి పొక్కులండి, గుత్తులు గుత్తులుగా. సర్పేనండి బాబూ. మా మావకీ ఇలాగే లేచింది."

"సరిగ్గా చూసేవా?"

"ఆయ్. ఈ కళ్ళతోనే చూసేనండి."

దొడ్డమ్మ అంటే మా అత్తగారికి స్వయానా అక్కగారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే, పుట్టింట్లో ఎవరూ లేక చెల్లెలి ఇంటికి వచ్చేశారు. నేను కాపరానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో వంటా, మడీ, దేవుడి నైవేద్యమూ ఆవిడ చేతిలోనే ఉండేవి. మా ఆయన దొడ్డమ్మా అని పిలిస్తే నేనూ అలాగే పిలిచేదాన్ని. మాది అమలాపురానికీ కొత్తపేటకీ మధ్య కాలవగట్టు మీద ఊరు. డెబ్బైల చివరి సంగతి ఇది. నేను బడిలో చదివినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన అక్షరాలే నావి. కాబట్టి డాక్టర్ల మాటలు నాకు అర్థమైనట్టుగానే రాస్తున్నాను.

పెరట్లోకి వెళ్ళి అడిగితే దొడ్డమ్మ ముందు నవ్వేశారు.

"దానికి దాని పాలల్లో నీళ్ళు కనపడవు గానీ, నా నడుం మీద పొక్కులు కనపడ్డాయిటే?"

తరువాత నా చెయ్యి పట్టుకున్నారు. ఒళ్ళు కాలిపోతోంది. "నాలుగు రోజుల్లో పోతుందే. మీ అత్తగారికి తెలిస్తే నన్ను పురిటి గది దరిదాపులకి రానివ్వదు" అన్నారు.

ఆ భయం నాకు అర్థమైంది. మండపేటలో ఉన్న మా ఆడపడుచుకి అప్పుడు తొమ్మిదో నెల రాబోతోంది. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి, అంతకు ముందు రెండుసార్లు నిలవక పోయాక, నిలిచిన కడుపు. వారం పది రోజుల్లో పురిటికి తీసుకురావాలి. దొడ్డమ్మ అప్పటికే పాత మెత్తటి చీరలు చింపి పొత్తిళ్ళ గుడ్డలు కుట్టి ఒక బుట్ట నింపేశారు. బాలింతకి పెట్టే కాయానికి దినుసులు ఎండబెట్టారు. ఇంటికి పెద్దముత్తైదువలు ఎందరున్నా, నెత్తురుగుడ్డుకి మొదటి నీళ్ళు తన కాళ్ళ మీద పోయాలని ఆవిడ కోరిక. జీవితంలో అంతకు మించి ఆవిడ ఏదీ అడగలేదు.

నేను ఎవరికీ చెప్పక్కర లేకపోయింది. పాలావిడ ఒకరికి చెప్పి ఊరుకునే మనిషి కాదు. నా దగ్గర్నుంచి వెళ్ళి పెరటి గుమ్మంలో మా అత్తగారికీ చెప్పేసింది.

మా అత్తగారు కఠినురాలు కారు. కూతురి కడుపు చల్లగా ఉండాలని ఏడాదిగా శనివారాలు ఉపవాసం ఉంటున్న తల్లి. అయినా ఆ పూటే దొడ్డమ్మని పొయ్యి దగ్గర్నుంచి లేపేశారు. పడక వెనక వసారాలోకి మారింది. కంచం వేరు, చెంబు వేరు. సర్పి అంటే నాగదోషం అనీ, తాకితే ఒకరి ఒంటి మీద నుంచి ఇంకొకరి ఒంటి మీదికి పాకుతుందనీ మాకందరికీ నమ్మకం. పక్క ఊరి నుంచి ఒకాయన్ని పిలిపించారు. ఆయన ఎర్రటి జేగురురాయి నూరి, మంత్రం చదువుతూ పొక్కుల చివరన పాముపడగ గీశాడు.

"తలా తోకా కలిస్తే మనిషి దక్కదమ్మా. దారి కట్టేను, ఇంక కదల్దు" అన్నాడు.

మా అత్తగారు తడిబట్టతో వెళ్ళి పుట్టలో పాలు పోసి వచ్చారు.

దొడ్డమ్మకి అన్నం పెట్టడం నా వంతుకి వచ్చింది. అది నా భాగ్యం అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ నొప్పి ఎలాంటిదో దగ్గర కూర్చున్నాకే తెలిసింది. చీర కుచ్చెళ్ళు రాసుకుంటే నిప్పు తగిలినట్టు ఉలిక్కిపడేవారు. గాలికి కూడా ఓర్చుకోలేకపోయేవారు. పళ్ళు బిగించి, "కారం పెట్టి తోమినట్టుందే" అనేవారు. అంతలోనే, "నీ చారులో ఉప్పు తగ్గింది, రేపట్నుంచి పొయ్యి దగ్గర దేవుణ్ణి కాదు, ఉప్పుని తలుచుకో" అని నన్ను ఆటపట్టించేవారు.

మా నాలుగేళ్ళ పిల్ల మాత్రం వసారా గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేది. అది పుట్టినప్పటి నుంచి పడుకునేది దొడ్డమ్మ పక్కలోనే. కథ చెప్పించుకుంటూ, ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి, ఆవిడ కప్పుకున్న దుప్పట్లోనే నిద్రపోయేది. పొక్కులు లేచిన మొదటి రోజుల్లో, మాకెవరికీ తెలియకముందు కూడా, అలాగే పడుకుంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆడపడుచుని తీసుకొచ్చే రోజు దగ్గరపడింది. మా అత్తగారు ఒక నిర్ణయానికి వచ్చారు. ద్రాక్షారామంలో మాకు దూరపు బంధువులున్నారు, గుడిలో అర్చకత్వం వాళ్ళది. పురుడు వెళ్ళేదాకా దొడ్డమ్మని అక్కడ ఉంచాలని.

"పోనీలే, రోజూ భీమేశ్వరుడి దర్శనం అవుతుంది. ఎవరికి దొరుకుతుంది?" అన్నారు దొడ్డమ్మ. మూట కట్టుకున్నారు. పొత్తిళ్ళ బుట్ట తెచ్చి అరుగు మీద పెట్టి, "బాగా ఉతికి వాడండే. గుడ్డ మెత్తనిది" అన్నారు. మా అత్తగారు బుట్ట వైపు చూశారు. సాయంత్రానికి ఆ బుట్ట పశువులపాకలో, కాలవలో పారెయ్యవలసిన సామాను పక్కన ఉంది.

మర్నాడు పిల్లకి జ్వరం. ఆ మర్నాడు పొట్ట మీద, వీపు మీద నీటిబొట్ల లాంటి పొక్కులు. మా అత్తగారు ఒక్కసారి చూసి చెంపలు వేసుకున్నారు.

"తల్లి వచ్చింది. ఆటలమ్మ."

గుమ్మానికి వేపమండలు కట్టాం. ఇంట్లో పోపు మానేశాం. అమ్మవారు ఇంట్లో ఉన్నప్పుడు మందూ మాకూ అనకూడదు కాబట్టి పిల్లని లోపలి గదిలో వేపాకుల మీద పడుకోబెట్టాం. సర్పి నాగేంద్రుడిది, ఆటలమ్మ అమ్మవారిది. రెండూ ఒకేసారి ఇంట్లోకి వచ్చాయంటే ఏదో మొక్కు మరిచిపోయాం అనుకున్నామే తప్ప, ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం ఉందని మాలో ఒక్కరూ అనుకోలేదు. ఇద్దరు దేవతలకీ విడివిడిగా ముడుపులు కట్టాం.

దొడ్డమ్మ బస్సెక్కవలసిన రోజు పొద్దున్న మా ఆయన డాక్టరుగారిని సైకిలు మీద వెంటబెట్టుకొచ్చారు. మా ఆయన హైస్కూల్లో మాస్టారు. దొడ్డమ్మ నొప్పికి నాలుగు మాత్రలైనా ఇప్పించి పంపుదామని ఆయన ఆరాటం. పిల్ల సంగతి డాక్టరుకి చెప్పొద్దని మా అత్తగారు ముందే ఆన పెట్టారు. అయితే ఆ డాక్టరుగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏవండీ మాస్టారూ, ఈ వేపమండలు ఎవరికోసం?"

మా ఆయన తల్లి వైపు చూశారు. తల్లి గోడ వైపు చూశారు. లోపల్నుంచి పిల్ల, "అమ్మా దురదే" అని అరిచింది. ఇంక దాచడానికేముంది.

ఆయన పిల్లని చూసి, వసారాలోకి వచ్చి దొడ్డమ్మ నడుం చూశారు. జేగురు పాము సగం చెరిగిపోయి ఉంది. పొక్కులు ఎండి నల్లటి చెక్కు కట్టాయి. పీట మీద కూర్చుని అడిగారు.

"ఈ పాప ఈవిడ పక్కలో పడుకునేదా?"

"పడక మార్చేదాకా రోజూ ఆవిడ పక్కలోనేనండి" అన్నాను.

"అదీ సంగతి. పాపకి ఆటలమ్మ వచ్చింది ఈ సర్పిలోంచేనండి."

మా అత్తగారు పైట సర్దుకుని ముందుకొచ్చారు. "అదెలా అవుతుందండీ డాక్టరుగారూ? సర్పి నుంచి సర్పి రావాలి గానీ ఆటలమ్మెలా వస్తుంది? నాగేంద్రుడు వేరు, అమ్మవారు వేరు."

డాక్టరుగారు నవ్వలేదు. అందుకు ఆయనకి నేను ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను. ఓపిగ్గా చెప్పారు.

"రెండింటికీ విత్తు ఒకటేనండి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోతుంది చూడండి, ఆ విత్తు ఒంట్లోంచి పోదు. వెన్ను దగ్గర నరాల్లో పడుకుంటుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. వయసు మీదపడో, ఒంట్లో సత్తువ తగ్గో, ఒకనాడు లేస్తుంది. లేచినప్పుడు ఆ నరం వెంట, ఒక పక్కనే వస్తుంది. దాన్నే మనం సర్పి అంటాం. నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిసేది ఏవీ లేదు."

"మరి పాకుతుందంటారే?"

"సర్పి సర్పిగా పాకదండి. ఈవిణ్ణి ముట్టుకుంటే మీకు సర్పి రాదు. అయితే నీటిపొక్కుల్లో రసం ఉంటుంది. ఇదివరకు ఆటలమ్మ పోయనివాళ్ళకి అది తగిలితే వాళ్ళకి ఆటలమ్మ పోస్తుంది. పాపకి అయిందదే. పొక్కుల మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచితే ఆ భయమూ తక్కువే. చెక్కు కట్టేసేక అసలు లేదు. ఈవిడ వల్ల ఇప్పుడు ఎవరికీ ఏవీ కాదు."

దొడ్డమ్మ మూట పక్కన కూర్చుని వింటున్నారు. మా అత్తగారి చూపు ఆ మూట మీద పడింది. ఆటలమ్మ పోసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని, ఎవరికీ అంటించని మనిషిని ఊరు దాటిస్తున్నామని ఆవిడకి అప్పుడే బోధపడింది.

"ఇప్పుడు జాగ్రత్త పడవలసింది పాప దగ్గర" అన్నారు డాక్టరుగారు. "సర్పి కంటే ఆటలమ్మ తొందరగా అంటుతుంది. దగ్గినా తుమ్మినా చాలు. పురిటికి మీ అమ్మాయి వస్తున్నారని మాస్టారు చెప్పేరు. ఆవిడకి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"లేదండి" అన్నారు మా అత్తగారు, కొంచెం గర్వంగానే. "నా పిల్లలిద్దరికీ పొయ్యలేదు. ఆ తల్లి దయ వల్ల మా గడప తొక్కలేదు."

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. "అయితే ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురాకండి. నెలలు నిండేక పోస్తే తల్లికీ ప్రమాదం, బిడ్డకీ ప్రమాదం."

మా అత్తగారు గుమ్మం పట్టుకుని అలాగే కింద కూలబడ్డారు. మండపేటలో ఆ అమ్మాయికి అత్తగారు లేరు. మిల్లులో గుమాస్తా చేసే భర్తా, మంచంపట్టిన మామగారూ, అంతే. రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల, మూడోసారి ఆడదిక్కు లేకుండా కనాలి. ఈవిడ అక్కడికి వెళ్దామన్నా, ఇక్కడి గాలి మోసుకెళ్ళినట్టేనేమో అని భయం.

అప్పుడు దొడ్డమ్మ అన్నారు, మెల్లిగా, నేల చూస్తూ.

"దానికి పోసిందే."

"ఏవిటీ?"

"మన అమ్మాయికి. ఆటలమ్మ పోసింది. నువ్వు వీణ్ణి కనడానికి గోదారి అవతల మేనమామ ఇంటికి వెళ్ళినప్పుడు." వీడంటే మా ఆయన. "అది నన్ను వదల్నని ఏడిస్తే నా దగ్గర ఉంచి వెళ్ళేవు చూడు. అప్పుడు."

"నాకు చెప్పలేదే!"

"ఎలా చెప్పమంటావు? పచ్చి బాలింతవి. చెప్తే ఊరుకుంటావా? ఆ గుడ్డుని చంకనేసుకుని గోదారి దాటి వచ్చేదానివి. మీ ఆయనా నేనూ చెప్పకూడదనుకున్నాం. తరవాత, నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపేక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు కదా. ఎత్తితే తిరిగొస్తుందంటారు. ఎత్తలేదు."

మా మామగారు పోయి అప్పటికే చాలా కాలమైంది. ఇంక చెప్పడానికి దొడ్డమ్మ ఒక్కరే మిగిలారు. అమ్మవారి పేరు ఎత్తకూడదన్న ఆ ఆచారం వల్ల, మా ఇళ్ళలో ఎవరికి పోసిందో ఎవరికి పొయ్యలేదో కన్నతల్లులకే తెలియకుండా పోయేది.

"దాని కనుబొమ్మ దగ్గర మచ్చ?" అన్నారు మా అత్తగారు. "గడప తగిలి పడిందన్నావు."

"పొక్కు గిల్లేసుకుంది. చేతులకి గుడ్డలు చుట్టినా ఆగలేదు."

డాక్టరుగారు మళ్ళీ పీట మీద కూర్చున్నారు. "అది మశూచి కాదు కదమ్మా? బాగా గుర్తు చేసుకోండి."

"కాదు నాయనా" అన్నారు దొడ్డమ్మ. "మశూచి చూసిన కళ్ళు ఇవి. మా ఇంటాయన్ని తీసుకుపోయింది అదే. పిల్లకి వచ్చినవి మెత్తటి నీటిబొట్లు. ఓ పక్క ఎండుతుంటే ఓ పక్క కొత్తవి లేచేయి. ముందు పొట్ట మీద, తరవాత మొహం మీద."

"ఆటలమ్మేనండి" అన్నారు ఆయన. ఆయన మొహం తేటపడింది. "ఒకసారి పోసినవాళ్ళకి మళ్ళీ పొయ్యడం చాలా అరుదు. తల్లికి పోసి ఉంటే పుట్టే బిడ్డకీ కొన్నాళ్ళు ఆ రక్ష ఉంటుంది. పాపకి అన్నీ చెక్కు కట్టనిచ్చి, ఇంకో వారం ఆగి తీసుకురండి, భయపడకండి." దొడ్డమ్మ వైపు తిరిగి అడిగారు. "ఆ పిల్లని ఎవరు చూసుకున్నారమ్మా అప్పుడు?"

"ఎవరున్నారు, నేనే. పక్కలో వేసుకుని వేపమండలతో విసిరేదాన్ని. దానికి తగ్గి లేచేక నాకు పోసింది."

డాక్టరుగారు కొంచెంసేపు ఆవిడ నడుం వైపే చూశారు. "అయితే ఇది అప్పటిదేనమ్మా. ఆ పిల్ల దగ్గర్నుంచి వచ్చిన విత్తే."

నేను అప్పటికి దొడ్డమ్మ వెనక నిలబడి ఉన్నాను. ఆ మాట వినగానే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పిల్లని గుండెకి హత్తుకున్నప్పుడు అంటినది, అన్నేళ్ళూ ఆవిడ ఒంట్లోనే పడుకుని, ఆ పిల్ల పురిటికి వచ్చే వేళ లేచింది. దాన్ని పట్టుకునే మేం ఆవిణ్ణి ఇంట్లోంచి పంపేస్తున్నాం.

ఇంతలో మా ఆయన గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నాకూ పోసింది. అమలాపురం హాస్టల్లో ఉండగా. కంగారు పడతావని చెప్పలేదు."

మా అత్తగారు కొడుకు వైపు తిరిగారు. "ఇంకా ఎవరెవరికి పోసిందో అందరూ ఇప్పుడే చెప్పేయండి! పాలావిణ్ణి కూడా పిలవండి, అదొక్కతే ఈ ఇంట్లో నాకు నిజం చెప్పింది!"

డాక్టరుగారు అప్పుడు నవ్వారు. అందరం నవ్వాం. దొడ్డమ్మ నవ్వబోయి నడుం పట్టుకుని, "నన్ను నవ్వించకండే, ప్రాణం పోతోంది" అన్నారు.

మా అత్తగారు లేచి మూట తీసుకుని లోపల పెట్టారు. తరువాత పశువులపాకలోకి వెళ్ళి బుట్ట చంకన పెట్టుకుని వచ్చారు.

"ఈ గుడ్డలు పనికొస్తాయా డాక్టరుగారూ?"

"ఉడకబెట్టి ఎండలో ఆరెయ్యండి, చాలు."

"గంగాళం పొయ్యి మీద పెట్టవే" అన్నారు నాతో. ఆ రోజంతా కొబ్బరిచెట్ల మధ్య తాడు మీద ఆ చిన్న చిన్న గుడ్డలు ఎండాయి. మా అత్తగారు వాటిని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తానే మడతపెట్టారు.

మా పిల్ల ఒంటి మీద చెక్కులు రాలాక మా ఆడపడుచు వచ్చింది. సంగతంతా విని, కనుబొమ్మ దగ్గర మచ్చ తడుముకుని, దొడ్డమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. దేవుడి దయ వల్ల సుఖంగా ఆడపిల్లని కన్నది. మొదటి నీళ్ళనాడు దొడ్డమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపారు. పొక్కులు మానినా ఆ నరం నొప్పి ఆవిణ్ణి వదలలేదు. కొందరిలో అది నెలల తరబడి ఉంటుందని డాక్టరుగారు ముందే చెప్పారు. వంగలేకపోతుంటే మా అత్తగారు వెనక కూర్చుని అక్కగారి నడుం దగ్గర చీర వదులు చేసి, ఒంటికి తగలకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. నేను నీళ్ళు పోశాను. బిడ్డ కేరుమంది. దొడ్డమ్మ నొప్పి మరిచిపోయి, "ఏడు తల్లీ, ఏడు. మీ అమ్మా ఇలాగే ఏడ్చేది" అన్నారు.

ఆ తరువాత దొడ్డమ్మ చాలా ఏళ్ళే ఉన్నారు. ఎనభైల మధ్యలో ఒక కార్తీక మాసంలో, పొద్దుటి దీపం పెట్టి వచ్చి పడుకుని, ప్రశాంతంగా వెళ్ళిపోయారు. చివరిదాకా నైవేద్యం వండింది ఆవిడే.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా సర్పి లేచిందని వింటే మనుషులు దూరం జరగడం చూస్తాను. పొక్కుల మీద గుడ్డ కప్పండి. అవి ఎండేదాకా ఆటలమ్మ పోయని పిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ కాస్త ఎడంగా ఉంచండి. మనిషిని మాత్రం పంపెయ్యకండి. ఆ నొప్పి ఎప్పుడు ఎవరిని ఎత్తుకుంటే వచ్చిందో మనకి తెలియదు. ఇది చదివినవారు ఈసారి పసిబిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు, నడుం నొప్పితో కాళ్ళు చాపుకుని కూర్చున్న మా దొడ్డమ్మని ఒక్కసారి తలుచుకోండి. నేను కోరేది అంతే.